కాలిఫోర్నియా 2001: కరెంటు ధర ఆకాశాన్నంటితే, కరెంటు సంస్థ ఎందుకు దివాలా తీసింది?

ప్రశ్న: మేఘమాల

గత కొన్ని వారాలుగా విద్యుత్ రంగ సంస్కరణల చరిత్ర చదువుతూ, 2000–01లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రాన్ని కుదిపేసిన సంక్షోభం దగ్గర ఆగిపోయాను. సరుకుకు కొరత వస్తే ధర పెరుగుతుంది, ధర పెరిగితే అమ్మేవాడు బాగుపడతాడు అన్నది అందరికీ తెలిసిన లెక్క. అక్కడ కొరత వచ్చింది, ధర కూడా కనీవినీ ఎరుగనంతగా పెరిగింది. అయినా ఆ రాష్ట్రంలో కోటిమందికి పైగా కరెంటు అందించే పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ (పీజీ అండ్ ఈ) సంస్థ 2001 ఏప్రిల్ 6న దాదాపు 900 కోట్ల డాలర్ల అప్పులతో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. ఇది ఎలా జరిగిందో నాకు బోధపడడం లేదు.

రెండో చిక్కు కాలానికి సంబంధించినది. అక్కడ కరెంటు వాడకం తారస్థాయికి చేరేది ఏసీలు నడిచే వేసవిలో. అప్పుడు గిరాకీ 45,000 మెగావాట్ల దాకా వెళుతుంది. శీతాకాలంలో అది 30,000 మెగావాట్ల చుట్టుపక్కల ఉంటుంది. కాని విస్తృతమైన కోతలు మొదలైంది 2001 జనవరిలో. వేసవి గిరాకీని మోసిన రాష్ట్రం శీతాకాలంలో ఎందుకు చతికిలపడింది?

మూడోది, ధరల నియంత్రణ గురించి. ఒక వర్గం వారు సంక్షోభానికి మూలం ధరల నియంత్రణే అంటారు. ఇంకో వర్గం వారు 2001 జూన్‌లో ధరల నియంత్రణ వచ్చాకే సంక్షోభం చల్లారిందంటారు. రెండింటికీ ఆధారాలు చూపుతారు. ఒకే మందు రోగాన్ని తెచ్చి, తానే నయం చేసిందంటే నమ్మడం ఎలా? పార్టీల వాదోపవాదాలు కాకుండా, ఆ సంస్థల జమాఖర్చులు నిజంగా ఎలా నడిచాయో తెలిసినవారు వివరిస్తే కృతజ్ఞురాలిని.

జవాబు 1: లెక్కలపక్షి

మేఘమాల గారికి,

కొరతలో అమ్మేవాడు బాగుపడతాడన్న మీ లెక్కలో తప్పు లేదు. అక్కడా అమ్మినవాళ్లు బాగుపడ్డారు. మీరు పొరబడింది ఒక్కచోటే: 2000 నాటికి పీజీ అండ్ ఈ ప్రధానంగా కరెంటు కొనే సంస్థ.

1996 సెప్టెంబరులో గవర్నర్ పీట్ విల్సన్ సంతకం చేసిన ఏబీ 1890 అనే చట్టం, అప్పటిదాకా ఒకే గొడుగు కింద ఉన్న ఉత్పత్తి, రవాణా, పంపిణీలను విడదీసింది. పీజీ అండ్ ఈ, సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్, శాన్ డియేగో గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ అనే మూడు ప్రైవేటు సంస్థలూ తమ గ్యాస్ ఆధారిత కేంద్రాల్లో అధిక భాగాన్ని డ్యూక్, రిలయంట్, డైనజీ, ఏఈఎస్ వంటి బయటి కంపెనీలకు అమ్మేశాయి. 1998 వసంతంలో కొత్త మార్కెట్ తెరుచుకున్నాక, తమ వినియోగదారులకు కావలసిన కరెంటును అవి పవర్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ నడిపే రోజువారీ వేలంలో కొనవలసి వచ్చింది. తమ చేతిలో మిగిలిన అణు, జల విద్యుత్తును సైతం అదే వేలంలో అమ్మకానికి పెట్టి, తిరిగి అక్కడే కొనుక్కోవాలి. టోకు ధర మార్కెట్ ఇష్టం. చిల్లర ధరను మాత్రం చట్టం 1996 నాటి స్థాయి దగ్గర బిగించి, గృహ వినియోగదారులకూ చిన్న వ్యాపారులకూ అందులో 10 శాతం తగ్గించింది. ఈ బిగింపు 2002 మార్చి వరకు, లేదా సంస్థల పాత పెట్టుబడుల బరువు తీరేవరకు, ఏది ముందైతే అంతవరకు అమల్లో ఉండాలి.

ఇప్పుడు వినడానికి వింతగా ఉంటుంది గాని, ఆ బిగింపు సంస్థలకు వరమనే అందరూ అనుకున్నారు. ఖరీదైన అణు కేంద్రాల మీదా, ఎక్కువ ధరకు కుదుర్చుకున్న పాత ఒప్పందాల మీదా అవి పెట్టిన పెట్టుబడి కొత్త మార్కెట్లో తిరిగి రాదని తేలింది. ఆ పాత బరువును తీర్చుకోవడానికి వాటికి గడువు కావాలి. టోకు ధర పడిపోతుందని అందరి అంచనా. టోకు పడిపోయి, చిల్లర మాత్రం నిలబడి ఉంటే మధ్యనున్న తేడా అంతా పాత బరువు తీర్చడానికి జమ అవుతుంది. మొదటి రెండేళ్లూ అలాగే జరిగింది. టోకు ధర యూనిట్‌కు సగటున 3 సెంట్ల చుట్టూ తిరిగింది. వినియోగదారుడు చెల్లించే మొత్తంలో తీగల ఖర్చు, ఇతర ఖర్చులు పోగా కరెంటు కొనుగోలుకు 6 సెంట్లకు పైగా మిగిలేది. అంటే యూనిట్‌కు 3 సెంట్లు లాభమే.

2000 వేసవితో ఆ తేడా తలకిందులైంది. జూన్‌లో టోకు సగటు 10 సెంట్లు దాటింది. డిసెంబరులో 30 సెంట్లు దాటింది. దీన్ని ఒక్క బల్బు దగ్గర పెట్టి చూడండి. వంద వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్. ఆ డిసెంబరులో ఏ ఇంటి వరండాలోనైనా అలాంటి బల్బు రాత్రంతా వెలిగితే, దాని కోసం సంస్థ 30 సెంట్లకు పైగా పోసి కరెంటు కొని, దానికి ప్రతిగా 6 సెంట్లు వసూలు చేసుకునేది. మామూలు వర్తకుడైతే ఆ పూట దుకాణం కట్టేస్తాడు. పంపిణీ సంస్థకు ఆ వీలు లేదు. అడిగిన ప్రతి ఇంటికీ సరఫరా చేయడం దాని చట్టబద్ధమైన బాధ్యత. వినియోగదారుడికి ధర పెరిగిన సంగతే తెలియదు కాబట్టి అతను బల్బు ఆర్పడు. అమ్మకం పెరిగినకొద్దీ నష్టం పెరిగే వ్యాపారం అది. అడకత్తెరలో పోకచెక్క అన్న మాట ఇంత అక్షరాలా నిజమైన సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

ఇందులో లెక్కల పుస్తకానికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. నియంత్రణలో ఉన్న సంస్థ ఖర్చుకన్నా తక్కువ వసూలు చేసినప్పుడు, ఆ లోటును వెంటనే నష్టంగా రాయదు. రేపు ధర పెంచి రాబట్టుకోవడానికి, చిల్లర ధరలు నిర్ణయించే రాష్ట్ర నియంత్రణ మండలి ఒప్పుకుంటుందన్న నమ్మకం ఉన్నంతకాలం దాన్ని రావలసిన బాకీగా, అంటే ఆస్తిగానే చూపిస్తుంది. 2000 సంవత్సరమంతా పీజీ అండ్ ఈ, ఎడిసన్‌ల పుస్తకాల్లో ఈ బాకీ పేరుకుపోతూ, రెండింటికీ కలిపి 1,000 కోట్ల డాలర్లు దాటింది. నవంబరులో అవి టోకు ఖర్చును వినియోగదారుల నుంచి రాబట్టుకోనివ్వాలంటూ ఫెడరల్ కోర్టుకు కూడా వెళ్లాయి. 2001 జనవరిలో రాష్ట్ర నియంత్రణ మండలి ఇచ్చిన పెంపు యూనిట్‌కు ఒక సెంటు. ఆ ఒక్క సెంటుతో ఆ బాకీ రాదని లెక్కల వాళ్లకు తేలిపోయింది. చివరి త్రైమాసికం లెక్కల్లో దాన్ని కొట్టివేయక తప్పలేదు. నిన్నటి ఆస్తి ఈరోజు నష్టమైంది. సంస్థ చేతిలో నగదు అంతకుముందే అడుగంటినా, దివాలా కాగితం మీద కనబడింది అప్పుడే.

ముందుగా దీర్ఘకాల ఒప్పందాలు కుదుర్చుకుని ఉండవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. నియంత్రణ మండలి వాటిని చాలాకాలం ప్రోత్సహించలేదు. 2000 ఆగస్టులో కొంత వెసులుబాటు ఇచ్చేనాటికి ఒప్పందాల ధరలూ పెరిగిపోయాయి. పైగా రేపు ధర పడిపోతే, అవి తెలివితక్కువ కొనుగోళ్లని మండలి కొట్టివేస్తుందేమోనన్న భయం సంస్థలకు ఉండేది.

సంస్థల మీద మరీ జాలిపడకండి. మంచి రోజుల్లో వచ్చిన వందల కోట్ల డాలర్లు డివిడెండ్లుగా, షేర్ల తిరుగు కొనుగోళ్లుగా పై హోల్డింగ్ కంపెనీలకు తరలిపోయాయి. కష్టకాలం వచ్చేసరికి ఆ డబ్బు వెనక్కి రాలేదు. 2001 జనవరిలో పీజీ అండ్ ఈ మాతృసంస్థ తన మరో అనుబంధ సంస్థ చుట్టూ చట్టపరమైన కంచె కట్టి, పంపిణీ సంస్థ అప్పులవాళ్లు దాని జోలికి రాకుండా చూసుకుంది.

జవాబు 2: నిశాచరుడు

లెక్కలపక్షి గారు చెప్పిన జమాఖర్చులతో నాకు పేచీ లేదు. కాని ఆ వివరణ చదివినవారికి చిల్లర ధర బిగింపే అన్నిటికీ మూలమన్న అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది. చిల్లర ధర బిగించడం వల్ల సంస్థ దివాలా తీసింది, సరే. టోకు ధర 3 సెంట్ల నుంచి 30 సెంట్లకు ఎందుకు వెళ్లింది?

కారణాల్లో కొన్ని ప్రకృతి తెచ్చినవి. వాయవ్య రాష్ట్రాల్లో వానలు, మంచు తగ్గి జల విద్యుత్తు పడిపోయింది. 2000 ఆగస్టులో న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ దగ్గర గ్యాస్ పైపులైను పేలడంతో కాలిఫోర్నియాకు వచ్చే గ్యాస్ తగ్గింది, ధర పెరిగింది. కాని ఇవి మాత్రమే ధరను పదింతలు చేయలేవు.

ఆ వేలం ఎలా నడిచేదో చూడండి. ఉత్పత్తిదారులు చెప్పిన ధరలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, గిరాకీ తీరే చోట చివరి కేంద్రం అడిగిన ధరను అందరికీ చెల్లిస్తారు. ఉదాహరణకు నా చేతిలో పది యూనిట్లు ఉన్నాయనుకోండి. గిరాకీ మామూలుగా ఉన్నప్పుడు నేను ఎక్కువ అడిగితే నన్ను వదిలేసి పక్కవాడి దగ్గర కొంటారు. గిరాకీ అంచుకు వచ్చిన గంటలో, నా పది యూనిట్లలో రెండు మరమ్మతులో ఉన్నాయంటే చాలు. మిగిలిన ఎనిమిదికీ వచ్చే ధర ఆ రెండింటి నష్టాన్ని ఎన్నో రెట్లు పూడ్చేస్తుంది. దొంగ ఒప్పందాలేవీ అక్కరలేదు, ఒక్కడే ఉండి చేసుకోవచ్చు. 2001 జనవరిలో రాష్ట్రంలో 10,000 మెగావాట్లకు పైగా సామర్థ్యం మూలనపడి ఉంది. అందులో కొన్ని వేసవంతా విరామం లేకుండా పరిగెత్తి నిజంగానే అరిగిపోయిన పాత యంత్రాలు. మిగిలినవాటి సంగతి మీద ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. ఎన్రాన్ అనే ఇంధన వ్యాపార కంపెనీ వర్తకులు కరెంటు రవాణా మార్గాలు కిక్కిరిసినట్టు కాగితాల మీద చూపి డబ్బు గుంజిన పద్ధతులు 2002 మేలో బయటపడిన ఆ కంపెనీ అంతర్గత పత్రాల్లో ఉన్నాయి. ఏదో ఒక సాకు చూపి కేంద్రాన్ని ఆపమని ఒక వర్తకుడు లాస్ వేగస్‌లోని విద్యుత్ కేంద్రానికి ఫోన్లో చెప్పిన టేపు 2005లో వెలుగు చూసింది; ఆ ఫోన్ 2001 జనవరిలో, కాలిఫోర్నియాలో కోతలు మొదలైన రోజుల్లోనే చేసినది.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. ధరల నియంత్రణ అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు వస్తువులను కలిపేయడం వల్ల వచ్చిన తికమక అది. చిల్లర ధర బిగింపు ఒకటి. రాష్ట్ర గ్రిడ్ నిర్వాహక సంస్థ తన చివరి నిమిషపు మార్కెట్లో పెట్టిన టోకు గరిష్ఠ పరిమితి రెండోది. టోకు విద్యుత్తును నియంత్రించే ఫెడరల్ (కేంద్ర) కమిషన్ పశ్చిమ రాష్ట్రాలన్నిటికీ కలిపి పెట్టిన పరిమితి మూడోది. మొదటిదాన్ని లెక్కలపక్షి గారు చూపించారు. రెండోది ఎందుకు విఫలమైందో, మూడోది ఎందుకు పనిచేసిందో చూస్తే మీ సందేహం తీరుతుంది.

గ్రిడ్ నిర్వాహక సంస్థ 2000 వేసవిలో తన గరిష్ఠ ధరను మెగావాట్ గంటకు, అంటే వెయ్యి యూనిట్లకు, 750 డాలర్ల నుంచి 500కు, ఆగస్టులో 250కి దించింది. సగటు ధర తగ్గలేదు. ఆ పరిమితి కాలిఫోర్నియా లోపల జరిగే అమ్మకానికే వర్తిస్తుంది. విద్యుత్తుకు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. ఒక కంపెనీ తన కరెంటును కాగితం మీద పొరుగు రాష్ట్రానికి అమ్మి, అదే కరెంటును దిగుమతిగా మళ్లీ తెచ్చి, పరిమితి వర్తించని ధరకు అంటగట్టేది. కొనే సంస్థలు కూడా తక్కువ తినలేదు. ఎక్స్ఛేంజ్ వేలంలో పరిమితి ఇంకా ఎక్కువగా ఉండేది కాబట్టి, రేపటి గిరాకీని అక్కడ తక్కువగా చూపి, మిగతాది గ్రిడ్ నిర్వాహకుల చివరి నిమిషపు మార్కెట్లో 250కి దొరుకుతుందని వదిలేసేవి. అమ్మేవాళ్లూ అక్కడికే వచ్చి కూర్చునేవారు.

దాని ఫలితం ఫోల్సమ్ పట్టణంలోని గ్రిడ్ నిర్వాహకుల కంట్రోల్ గదిలో తేలేది. రాష్ట్రానికి ఆ గంట కావలసిన కరెంటులో వేల మెగావాట్లు ఇంకా ఎవరూ కొని ఉండరు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్‌జ్ దగ్గర నిలవాలి; ఉత్పత్తి తగ్గితే అది జారుతుంది, మరీ జారితే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి విడిపోయి మొత్తం గ్రిడ్డే కూలుతుంది. షిఫ్టులో ఉన్న నిర్వాహకులు ఫోన్లు పట్టుకుని ఒరెగాన్ నుంచి అరిజోనా వరకు అందరినీ అడుగుతూ, గంట ముగిసేలోగా ఎంత చెబితే అంతకు కొనేవారు. బేరమాడే వ్యవధి లేని కొనుగోలుదారు ఎదురుగా ఉన్నాడని అవతలివాడికీ తెలుసు. డిసెంబరు మొదట్లో కొరత మరీ ముదిరి, గ్రిడ్ నిర్వాహక సంస్థ తన 250 డాలర్ల హద్దును తానే సడలించుకుంది.

2001 జూన్‌లో ఫెడరల్ కమిషన్ చేసినది వేరు. పశ్చిమాన 11 రాష్ట్రాలకూ ఒకే హద్దు, రోజంతా, వారమంతా. దానికి తోడు, నడపగల స్థితిలో ఉండి మిగులు ఉన్న ప్రతి కేంద్రమూ అమ్మకానికి ముందుకు రావాలన్న నిబంధన. పారిపోవడానికి పొరుగు రాష్ట్రం లేదు, దాచుకుని లాభపడే దారి లేదు. గ్యాస్ ధర పడిపోవడం, కొత్త కేంద్రాలు రావడం, జనం వాడకం తగ్గించడం కూడా అదే సమయంలో జరిగాయి కాబట్టి ఘనతంతా ఆ ఉత్తర్వుకే కట్టబెట్టను. ఆ ఉత్తర్వు ఆరు నెలల ముందు వచ్చి ఉంటే ఈ ప్రశ్న మీరు అడగవలసి వచ్చేది కాదని మాత్రం నా అభిప్రాయం.

జవాబు 3: తీరవాసి

ఆ ఏడాది నేను శాన్ హోసే దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరిన ఉద్యోగిని. శీతాకాలపు మధ్యాహ్నం, బయట సన్నని చలి; ఏసీ నడిచే ఇల్లే లేదు. ఉన్నట్టుండి మానిటర్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. కిటికీలోంచి చూస్తే పెద్ద కూడలిలో సిగ్నల్ దీపాలు ఆరి, నాలుగు వైపుల నుంచీ వచ్చిన కార్లు ఎవరు ముందు కదలాలో తెలియక ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. గంట తర్వాత కరెంటు వచ్చింది, అప్పుడు ఇంకో పేటకు పోయింది. వినియోగదారులందరినీ బ్లాకులుగా విభజించి వంతులవారీగా కోసేవారు. మాలో కొందరికి తమ బ్లాకు సంఖ్య ఫోన్ నంబరులాగా నోటికి వచ్చేసింది. ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం ఉన్న తీగమీద ఇల్లు ఉన్నవారికి కోతలు ఉండవని తెలిసి, అద్దెకు ఇల్లు చూసేటప్పుడు అది కూడా ఆరా తీసిన మిత్రుడొకడు ఉండేవాడు.

లాస్ ఏంజెలిస్ నగరంలో ఉన్న మా అన్నయ్యకు ఆ శీతాకాలంలో ఒక్క నిమిషం కోత లేదు. ఆ నగరానికి సొంత విద్యుత్ శాఖ ఉంది. అది కొత్త మార్కెట్లో చేరలేదు, కేంద్రాలు అమ్ముకోలేదు, పైగా మిగులును రాష్ట్రానికి అమ్ముకుంది. అదే రాష్ట్రం, అదే కరవు, అదే గ్యాస్ ధర.

మేఘమాల గారి రెండో ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇక్కడే ఉంది. మరమ్మతుల సంగతి నిశాచరుడు గారు చెప్పారు. రాష్ట్రం నడుమ దక్షిణం నుంచి ఉత్తరానికి కరెంటు మోసే తీగల మార్గం ఇరుకు కావడం వల్ల, దక్షిణాన ఉన్న కొద్దిపాటి మిగులు మాదాకా వచ్చేది కాదు. అందుకే జనవరి కోతలు ఉత్తర భాగంలోనే పడ్డాయి. వీటికన్నా పెద్ద కారణం తేదీలను పక్కపక్కన పెడితే కనబడుతుంది. 2001 జనవరి 16న ఎడిసన్ సంస్థ 59.6 కోట్ల డాలర్ల చెల్లింపులను నిలిపివేసింది. 17న పీజీ అండ్ ఈ తన స్వల్పకాలిక అప్పులు చెల్లించలేకపోయింది. ఆ రెండు రోజుల్లోనే, అప్పు తీర్చే సత్తాను అంచనా వేసే రేటింగ్ సంస్థలు రెండింటినీ చెత్త స్థాయికి దించాయి. పెద్ద కోతలు మొదలైంది కూడా 17నే.

అంటే ఆ రోజు మా ఆఫీసులో చీకటికి మెగావాట్ల కొరత ఒక కారణమైతే, పరపతి కొరత అంతకన్నా పెద్ద కారణం. కరెంటు ఉన్నవాళ్లు ఉన్నారు. ఈరోజు అమ్మితే రెండు నెలల తర్వాత డబ్బు ఇస్తానన్న కొనుగోలుదారు రేపు ఉంటాడో లేడో తెలియనప్పుడు ఎవరమ్ముతారు? డిసెంబరులోనే అమెరికా ఇంధన మంత్రి బిల్ రిచర్డ్‌సన్ కాలిఫోర్నియాకు కరెంటు అమ్మి తీరాలని అత్యవసర ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించండి. మార్చి కోతలు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. గాలిమరలు, భూతాపం, చిన్న గ్యాస్ యంత్రాలతో పంపిణీ సంస్థలకు కరెంటు అమ్మే చిన్న ఉత్పత్తిదారులు వందల సంఖ్యలో ఉండేవారు. నెలల తరబడి బకాయిలు అందక, గ్యాస్ కొనడానికి చేతిలో డబ్బు లేక, వారిలో చాలామంది యంత్రాలు ఆపేశారు. దాదాపు 3,000 మెగావాట్లు అలా పోయాయి. మార్చి 19, 20 తేదీల్లో రాష్ట్రమంతటా కోతలు పడ్డాయి. ధర బిగింపు సంస్థను ముంచింది, మునిగిన సంస్థ చిన్న ఉత్పత్తిదారులను ముంచింది, వాళ్లు ఆగిపోతే కొరత వచ్చింది. కొరత వల్ల సంస్థ దివాలా తీసిందని మనం అనుకుంటాం గాని, 2001 మొదటి మూడు నెలల్లో దివాలాయే కొరతను పెంచింది.

మేఘమాల (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ ధన్యవాదాలు. మూడు నియంత్రణలనూ విడదీసి చూపడంతో నా ప్రధాన సందేహం తీరింది. తీరవాసి గారు తేదీలను పక్కపక్కన పెట్టిన తీరు నేను ఏ వ్యాసంలోనూ చూడలేదు.

రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. చిల్లర ధరను మొదటి నుంచే వదిలేసి ఉంటే జనం వాడకం తగ్గించి ఉండేవారా? చివరికి ఆ నష్టమంతా ఎవరు భరించారు?

జవాబు 4: లెక్కలపక్షి

మొదటిదానికి శాన్ డియేగో జవాబు. మూడు సంస్థల్లో చిన్నదైన అక్కడి సంస్థ పాత బరువును 1999 మధ్యలోనే తీర్చేసుకోవడంతో దాని వినియోగదారులకు బిగింపు తొలగిపోయింది. 2000 వేసవిలో టోకు ధర నేరుగా వాళ్ల బిల్లులోకి వచ్చి, కొద్ది నెలల్లో బిల్లులు రెండింతలు, కొందరికి అంతకన్నా ఎక్కువ అయ్యాయి. వాడకం కొంత తగ్గింది, ఆగ్రహం మాత్రం కట్టలు తెంచుకుంది. ధర తెలిసేది గంట గంటకూ కాదు, నెలాఖరున బిల్లు వచ్చాక. ఏ సాయంత్రం ఏ గంటలో మీట ఆర్పితే ఎంత మిగిలేదో ఇంట్లోవారికి తెలిసే దారే లేదు. సెప్టెంబరులో శాసనసభ వెనక్కి వెళ్లి, కరెంటు భాగానికి యూనిట్‌కు 6.5 సెంట్లని మళ్లీ బిగించింది. శాన్ డియేగో సంస్థ దివాలా తీయలేదు గాని, ప్రజలకు ధర వదిలేయడం రాజకీయంగా ఎంతకాలం నిలుస్తుందో అక్కడ తేలిపోయింది. వాడకం నిజంగా తగ్గింది 2001 వేసవిలో. అప్పటికి ధరలు పెరిగాయి, నిరుటికన్నా 20 శాతం తక్కువ వాడితే బిల్లులో 20 శాతం తగ్గింపు ఇచ్చే పథకం వచ్చింది, పైగా కోతల భయం ప్రతి ఇంటికీ తెలిసింది. వీటిలో దేనిది ఎంత పాలో విడదీయడం కష్టం.

ఎవరు భరించారన్న దానికి కాస్త వివరం కావాలి. సంస్థల పరపతి పోయాక, కొనగలిగిన చేయి రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటే మిగిలింది. గవర్నర్ గ్రే డేవిస్ జనవరి 17న అత్యవసర పరిస్థితి ప్రకటించారు; ఫిబ్రవరి 1న వచ్చిన చట్టంతో, కాలువలూ ఆనకట్టలూ చూసుకునే రాష్ట్ర జలవనరుల శాఖ రాత్రికి రాత్రి దేశంలోనే అతిపెద్ద కరెంటు కొనుగోలుదారుల్లో ఒకటైంది. కొన్ని వారాలపాటు రోజుకు 4–5 కోట్ల డాలర్లు ఖజానా నుంచి వెళ్లాయి. మొత్తం 600 కోట్లు దాటింది. రోజువారీ మార్కెట్ నుంచి బయటపడాలన్న తొందరలో ఆ శాఖ 4,300 కోట్ల డాలర్ల విలువైన దీర్ఘకాల ఒప్పందాలు చేసుకుంది. కొన్నింటి గడువు పదేళ్లు, కొన్నింటిది ఇంకా ఎక్కువ. ఆ వేసవికి టోకు ధర కూలిపోయింది. అప్పటినుంచి ఆ శాఖ అవసరానికి మించి కొన్న కరెంటును కొన్న ధరకన్నా తక్కువకు అమ్ముకోవలసి వచ్చింది. ఒప్పందాలు పూర్తిగా వృథా అనను. అమ్మేవాళ్లకు రోజువారీ మార్కెట్లో ధర ఎగదోయాలన్న ఆశ తగ్గడానికి అవి కూడా కారణమే. కాని కష్టకాలంలో చేసిన బేరం కష్టకాలపు ధరకే కుదురుతుంది.

సంస్థల విషయానికి వస్తే, ఎడిసన్ 2001 అక్టోబరులో నియంత్రణ మండలితో రాజీ కుదుర్చుకుని కోర్టు మెట్లెక్కకుండా గట్టెక్కింది. పీజీ అండ్ ఈ 2004 ఏప్రిల్‌లో దివాలా నుంచి బయటికి వచ్చింది. టోకు ధర మళ్లీ పడిపోయినా, పెరిగిన చిల్లర ధర అలాగే కొనసాగడం వల్ల ఆ తేడాతోనే పాత అప్పులు తీరాయి. తిరగేసి చూస్తే ఇది 1998 నాటి ఏర్పాటే: టోకు కింద, చిల్లర పైన, మధ్యలో తేడా సంస్థకు. వాటాదారులు కొన్నేళ్లు డివిడెండు లేకుండా గడిపారు. అమ్మిన కంపెనీల నుంచి రాజీల రూపంలో కొంత వెనక్కి వచ్చింది, ఎన్రాన్ అప్పటికే 2001 డిసెంబరులో దివాలా తీసింది. గవర్నర్ డేవిస్ 2003 అక్టోబరులో, పదవీకాలం మధ్యలోనే ఓటర్లు దించేసే రీకాల్ ఓటింగులో పదవి కోల్పోయారు. సంక్షోభం ఒక్కటే కారణం కాదు గాని, పెద్ద కారణమే.

ఖజానా నుంచి వెళ్లిన డబ్బు పూడ్చుకోవడానికి రాష్ట్రం 2002 చివర్లో 1,100 కోట్ల డాలర్లకు పైగా బాండ్లు జారీ చేసింది. ఆ బాండ్లు తీర్చే భారం వినియోగదారుల బిల్లులోనే, యూనిట్‌కు సుమారు అర సెంటు చొప్పున, ఒక ప్రత్యేక వరుసగా పడింది. సంక్షోభం నాటికి పుట్టనివారు కూడా పెద్దవాళ్లై కట్టారు. 2020లో ఆ బాండ్లు తీరిపోయాయి. ఈలోగా కార్చిచ్చుల నష్టపరిహారాల బరువుతో పీజీ అండ్ ఈ 2019 జనవరిలో రెండోసారి దివాలాకు వెళ్లింది. ఆ ఏడాది చేసిన చట్టం ప్రకారం బాండ్ల వరుస ముగిసిన మరుసటి నెలనుంచే, దాదాపు అంతే మొత్తం, కార్చిచ్చుల నిధి పేరుతో అదే బిల్లులో కొనసాగుతోంది. తీరవాసి గారి దగ్గర 2020 చివరి నెలల బిల్లులు ఉంటే, ఆ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.